నలభై పేర్లు, ఒకే గీత

శుక్రవారం నా బల్ల ఖాళీ చేస్తున్నాను. తాండూరులో మా ఇంటివాళ్ల పప్పు మిల్లు చూసుకోవడానికి వెళ్తున్నాను. "ముప్పై మూడేళ్లకు రిటైర్మెంట్ ఏంద్రా" అని మా అమ్మ నవ్వింది. ఏడేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నవాడు ఆ మాట వాడుకోవచ్చని నా ఉద్దేశం.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్ల కోసం ఒక నోట్‌బుక్ రాసిపెట్టాలి. ఏ ఫైలు ఎక్కడుందో, ఏ ప్రోగ్రాం ఏ వరుసలో నడపాలో, ప్రింటర్ ఎప్పుడు మొరాయిస్తుందో అందులో నంబర్లు వేసి రాశాను. మొత్తం అరవై ఒక్క అంశాలు. ఇది వాటిలో ఇమడని అరవై రెండోది. నా కుర్చీలోకి వచ్చేవారికోసమే కాదు, అంకెల పట్టికల నుంచి గ్రాఫులు గీసే పనిలోకి కొత్తగా వచ్చే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పని ఏమిటంటే

మాది వికారాబాద్‌లో చిన్న సంస్థ. నడిపేది డాక్టర్ బసవరాజు గారు. ఛాతీ జబ్బుల డాక్టరుగా సర్కారు కొలువు చేసి రిటైరైన మనిషి. తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే నలభై మంది ఊపిరి ఎలా ఉందో వారం వారం కొలిచి, తగ్గుతున్నవాళ్లను ముందే పట్టుకోవాలన్నది ఆయన పట్టుదల. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. చేయగలిగింది ఒక్కటే, ఆ మనిషిని ఆ దుమ్ములోంచి ముందుగా బయటికి తేవడం.

కొలిచేది సుజాతక్క. వారానికోసారి రైలెక్కి తాండూరు వెళ్లి, ఒక్కొక్కరి చేత ప్లాస్టిక్ గొట్టంలోకి గట్టిగా ఊదిస్తుంది. గొట్టం మీద ఒక ముల్లు ఎంతదాకా జరిగిందో చూసి నోట్‌బుక్కులో రాసుకుంటుంది. అందరికంటే ముందు తానే ఊదుతుంది. అలా గొట్టం బాగుందో లేదో తెలుస్తుంది, ఎలా ఊదాలో వాళ్లూ చూస్తారు. ఆ అంకె కూడా రాస్తుంది.

నా పని ఆ అంకెలను పట్టికలోకి ఎక్కించడం. వారానికొక అడ్డ వరుస, మనిషికొక కాలమ్. నలభై మందికి నలభై కాలమ్‌లు, చివర నలభై ఒకటోది సుజాతక్క సొంత ఊపిరి, దాని పేరు "చెక్". ఎవరైనా చేరిన రోజున ఊదినదాన్ని వందగా తీసుకుని, ఆ తర్వాతవన్నీ దాంతో పోల్చి లెక్కగట్టేవాణ్ని. మూడు నెలలకోసారి ఒక్కొక్కరికి ఒక కాగితం. పైన పేరు, కింద పన్నెండు వారాల గీత. గీత ఎనభై కిందికి దిగితే వికారాబాద్‌కు డాక్టర్ గారి దగ్గరికి రావాలి.

కాగితాన్ని మడిచి, కవరులో పెట్టి, అంటించి ఇచ్చేవాళ్లం. ఊపిరి తగ్గిందని యజమానికి తెలిస్తే పని పోతుందని వాళ్ల భయం. అందుకని ఒకరి కాగితం ఇంకొకరి కంట పడకూడదని నేనే నియమం పెట్టాను. మంచి నియమమే. నన్ను ముంచిందీ అదే.

సున్నా

ముందు ఒక చిన్న తప్పు. నేను చేరిన కొత్తలో నర్సింలు అనే కటింగ్ మిషన్ పనివాడి కాగితం పట్టుకుని సుజాతక్క తిరిగొచ్చింది. అతని గీత ఒక వారం దగ్గర నేలకు తగిలి మళ్లీ పైకి లేచింది. ఆ వారం అతను బంట్వారంలో చెల్లెలి పెళ్లికి పోయాడు. రాని వారం గడిని నేను సున్నాతో నింపాను.

తర్వాతి వారం సుజాతక్కతో పాటు తాండూరు వెళ్లాను. నర్సింలుకు నలభై ఏళ్లుంటాయి. తల నుంచి కాళ్లదాకా తెల్లటి పొడి, దాంట్లో రెండు కళ్లు.

"గీ వారం నేను సచ్చిపోయిననా సారు?" అన్నాడు, కాగితం మీద వేలు పెట్టి. "సచ్చి మల్ల లేచిన. మా ఇంటిదానికి సూపెట్టిన. దినం చేసేదుండె, ఖర్చు మిగిలింది అన్నది."

పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఖాళీ వేరు, సున్నా వేరు అని ఆ రోజు నేర్చుకున్నాను. చౌకగా నేర్చుకున్నాను.

మూడు రోజుల పని, మూడు నిమిషాల్లో

మొదట్లో నలభై గ్రాఫులు విడివిడిగా గీసేవాణ్ని. గ్రాఫు గీసే ఫంక్షన్‌కు కాలమ్ పేరు చేత్తో రాసి ఇచ్చేవాణ్ని, అదే ముక్కను నలభైసార్లు కాపీ చేసి పేరు మార్చేవాణ్ని. మూడు రోజులు పట్టేది.

"నలభై గీతలకు మూడు రోజులా?" అన్నారు డాక్టర్ గారు ఒకసారి. "నేను సర్కారు దవాఖానల పొద్దటిపూటనే వంద మందిని చూస్తుంటి గదయ్యా. ఇంజనీరింగు చదివినవా, ఇస్త్రీ దుకాణం నడిపినవా?"

రోషం వచ్చింది. కాలమ్ పేరును ఒక వేరియబుల్‌లో, అంటే లోపలున్న పేరు మార్చుకోగలిగే డబ్బా లాంటిదాంట్లో పెట్టి, దాన్నే ఫంక్షన్‌కు అందించాలనుకున్నాను. అప్పుడు లూప్, అంటే ఒకే పనిని తిప్పి తిప్పి చేసే ముక్క, పేర్లను వరుసగా మార్చుకుంటూ పోతుంది. మొదటి ప్రయత్నంలో ఫంక్షన్ ఒప్పుకోలేదు. వేరియబుల్ పేరుతోనే కాలమ్ కోసం పట్టికలో వెతికి, అలాంటిది లేదంది. కొత్తవాళ్లందరూ ఇక్కడే ఆగుతారు. "దీని లోపల ఉన్న పేరు చూసి ఆ కాలమ్ తీసుకో" అని దానికి వేరే తీరున చెప్పాలి. ఒక పూట కూర్చుని అది నేర్చుకున్నాను. ఒక పేరుతో నడిపి చూశాను, సరైన గీత వచ్చింది. తర్వాత లూప్‌లో పెట్టి, నలభై ఒక్క గ్రాఫులను ఒక జాబితాలో పోగుచేసి, చివర ఒక్కసారే ప్రింట్‌కు పంపాను. మూడు నిమిషాలు పట్టింది.

కాగితాలు పంచేముందు నేను సరిచూసినవి ఇవి:

ఒకటి, పేజీలు నలభై ఒకటి ఉన్నాయా. రెండు, పేర్లలో అక్షరదోషాలు. మూడు, పేర్ల వరుస కవర్ల వరుసతో కలుస్తోందా. నాలుగు, తేదీలు. ఐదు, ఖాళీ గళ్లలో సున్నాలు దూరాయా. ఆరు, పేజీ అంచులు. ఏడు, అక్షరాల సైజు.

ఏడూ సరిగ్గా ఉన్నాయి. నలభై ఒకటో పేజీ సుజాతక్కది, దాంతో ఎవరికీ పని లేదని చించి బుట్టలో వేశాను. ఆ కట్టలో సరైన కాగితం అదొక్కటే.

మంచి కబురు

ఆ మూడు నెలల మొదట్లోనే యూనిట్లవాళ్లను డాక్టర్ గారు బతిమాలి, బెదిరించి, రాయి కోసేటప్పుడు నీళ్లు వదిలేలా, అందరికీ మాస్కులు ఇచ్చేలా ఒప్పించి ఉన్నారు. కాబట్టి ఆ దఫా కాగితాల కోసం ఆయన ఆశగా చూస్తున్నారు.

ఒక్కరి గీత కూడా ఎనభై కిందికి దిగలేదు. ఒక్కరు కూడా వికారాబాద్‌కు రాలేదు.

"ఒక్కడు రాలే!" అన్నారాయన, ఖాళీ బెంచీ చూపిస్తూ. ఆ సాయంత్రం మిర్చిబజ్జీలు తెప్పించారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కాగితాలు మడిచేటప్పుడు చూస్తున్నది పేరునే అయినా, గీత కంటి కొసన పడుతుంది. చాలా కాగితాల్లో ఏడో వారం దగ్గర ఒక గుంత కనిపించింది. అందరికీ ఒకేచోట ఎందుకుందని డాక్టర్ గారిని అడిగాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, "ఆ వారం నీళ్ల మోటారు చెడిపోయి ఉంటది. పొడిగ కోసిన్రు, దుమ్ము లేచింది, ఊపిరి తగ్గింది. చూసినవా, నీళ్ల మహిమ!" అన్నారు. నాకు అది ఎంత సబబుగా తోచిందంటే, మీటింగ్ నోట్సులో కూడా రాసుకున్నాను. ఏ మోటారు, ఎవరిది, ఎవరు చెప్పారని ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు. గీతకు కథ కట్టడం అంత సులువు. చదువుకున్నకొద్దీ ఇంకా సులువు.

అంతకుముందు దఫా కాగితంలో నర్సింలు గీత ఎనభై నాలుగు దగ్గర ఆగింది. అప్పుడే అతను సుజాతక్కతో ఒక మాట అన్నాడు. పూడూరులో అతని బావమరిదికి బర్రెలున్నాయి, చూసుకునే మనిషి కావాలట. ఇంకోసారి గీత దిగితే రాళ్ల పని విడిచిపెట్టి అక్కడికి పోతానన్నాడు. బావమరిది కూడా సరే, మూడు నెలలు ఆగుతానన్నాడు.

కొత్త కాగితంలో గీత తొంభై తొమ్మిది దగ్గర తిన్నగా నడిచింది. నర్సింలు బావమరిదికి ఫోన్ చేసి, రానని చెప్పేశాడు.

గుంత

కాగితాలు పంచిన ఐదో వారం, ఒక మధ్యాహ్నం సుజాతక్క తాండూరు నుంచి నేరుగా ఆఫీసుకు వచ్చింది. ఎప్పుడూ స్టేషన్ నుంచి అటే ఇంటికి పోయే మనిషి. చేతిలో నర్సింలు కాగితం ఉంది. అతనే సంబరంగా చూపించి, ఫోటో ఫ్రేము కట్టించమని ఇచ్చాడట.

"తమ్మీ, గీ గుంత ఏందిది?"

"ఏడో వారం అక్కా. మోటారు చెడిపోయింది గదా."

"ఏ మోటారు? ఏడో వారం నర్సింలుకు మంచిగనే ఉండె. నాకు బాగలేకుండె. జరంతోని పోయిన. ఊదితె ముల్లు ఎప్పటంత జరగలే. నర్సింలు ఎక్కిరించిండు, అక్కా నువ్వొచ్చి రాళ్లు కోయి, నేను నోట్‌బుక్కు పట్టుకుంట అని. నాకు యాదుంది."

ఆమె తన నోట్‌బుక్కు తెరిచి నా ముందు పెట్టింది.

"గిది నర్సింలు వరుస. వారం వారం తక్కువనే అయితుంది. నాకు మొదటిసంది అనుమానమే. కానీ కంప్యూటరు లెక్క వేరే ఉంటదేమో, నాకేమెరుక అనుకున్న." ఆ గుంత మీద వేలు పెట్టింది. "గీ జరం నాది తమ్మీ."

కంప్యూటర్ తెరిచాను. గ్రాఫుల జాబితాలో మొదటిది చూశాను. రెండోది చూశాను. పదిహేనోది, ముప్పైయోది, నలభైయోది. పైన పేరు మారుతోంది. కింద గీత కదలడం లేదు. నలభైసార్లు చూశాను, ఒక్కటైనా వేరుగా ఉంటుందేమోనని. అన్నింటిలో అదే తొంభై తొమ్మిది, అదే ఏడో వారం, అదే జ్వరం.

నలభై మందికి సుజాతక్క ఊపిరి పంచిపెట్టాను.

ఏం జరిగిందో తెలిసేసరికి చీకటి పడింది. సూటిగా చెప్తాను. బొమ్మలు గీసేవాడికి మీరు బల్ల మీద ఒక కాగితం పెట్టి, "ఇక్కడున్నది చూసి గీయి" అన్నారనుకోండి. అతను తలూపాడు, కానీ గీయలేదు, మాట గుర్తుపెట్టుకున్నాడంతే. మీరు కాగితం మార్చి మళ్లీ చెప్పారు. మళ్లీ తలూపాడు. నలభై ఒక్కసార్లు అలా జరిగాక, "ఇక అన్నీ ఇయ్యి" అన్నారు. అతను అప్పుడు కూర్చుని, బల్ల మీద మిగిలిన ఆఖరి కాగితాన్నే చూస్తూ నలభై ఒక్క బొమ్మలు గీశాడు. ఫంక్షన్ చేసింది అదే. వేరియబుల్‌లో ఏ కాలమ్ పేరుందో అది వెంటనే చూడదు, గ్రాఫు కాగితం మీదికి వచ్చే క్షణాన చూస్తుంది. అప్పటికి నా లూప్ చివరి కాలమ్ "చెక్" దగ్గర ఆగి ఉంది. పైనున్న పేరు మాత్రం వెంటనే రాసేస్తుంది. అందుకే పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను సరిచూసిందీ పేర్లనే. ముందుగా ఒక్క పేరుతో నడిపి చూసినప్పుడు సరిగ్గా రావడానికి కారణం కూడా ఇదే. ఒక్కటే ఉన్నచోట మొదటిదీ చివరిదీ అదే కదా.

ఎర్రగా ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. ప్రోగ్రాం ఆగిపోతే మన అదృష్టం అనుకోండి. ఆగకుండా తప్పు చెప్పేదానికి భయపడండి.

డాక్టర్ గారికి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎంతమంది?"

"ఐదుగురు ఎనభై కింద ఉన్నారు సార్. నర్సింలు డెబ్బై ఒకటి."

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అన్నారు: "గీత గీసింది నువ్వు. మోటారు కథ కట్టింది నేను. ఫోన్ చేయకు. పొద్దున బండికి ఇద్దరం పోదాం. సుజాతమ్మా, గొట్టం పట్టుకొని నువ్వు కూడ రా."

తాండూరు

నర్సింలును షెడ్డు బయటికి పిలిపించాం. డాక్టర్ గారిని చూసి తలకు చుట్టిన తువ్వాల విప్పాడు.

"పెద్దసారు వచ్చిండు! ఏంది సారు, నా గీతకు దావతు ఇయ్యనీకా?"

రైల్లో ధారూర్ దాటినప్పటి నుంచి పేర్చుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. "ఆ కాగితం తప్పు నర్సింలూ. ఆ గీత నీది కాదు" అన్నాను.

"మరి ఎవ్వలది?"

"నాది" అంది సుజాతక్క.

అతను నవ్వాడు. మా ముఖాలు చూసి నవ్వు ఆపాడు. "మరి నాదేడుంది?"

కొత్త కాగితం ఇచ్చాను. అందులో గీత ఎనభై నాలుగు దగ్గర మొదలై వంగుతూ డెబ్బై ఒకటికి వచ్చింది. ఏడో వారం గుంత లేదు. కోపం తెచ్చుకుంటాడని ఎదురుచూశాను, వస్తే బాగుండుననుకున్నాను.

"గిది నాదే అని ఎట్ల నమ్మాలె సారు?" అన్నాడు మెల్లగా.

రాత్రి ప్రోగ్రాం సరిచేశాను, నలభై కాగితాలనూ నోట్‌బుక్కుతో అంకె అంకె పోల్చాను. అది అతనికేం పనికొస్తుంది? పోయినసారి కూడా నేను ఏడు విషయాలు సరిచూసే ఇచ్చాను.

సుజాతక్క సంచిలోంచి గొట్టం తీసింది. "ఊదు."

మూడుసార్లు ఊదాడు. మూడోసారి దగ్గు ఆగలేదు. అన్నింట్లోకి ఎక్కువ వచ్చిన అంకెను సుజాతక్క పైకి చదివింది. అక్కడే నిలబడి లెక్కగట్టాను. అరవై ఎనిమిది. డాక్టర్ గారి జేబులోంచి పెన్సిలు తీసుకుని, నర్సింలు చూస్తుండగా, గీత కొస పక్కన, కొంచెం కిందికి, చుక్క పెట్టాను.

ఆ చుక్కను వేలితో ముట్టి చూశాడు. "గిది నాదే" అన్నాడు.

షెడ్డులోకి వెళ్లాడు. నిమిషాలు గడిచాయి. లోపల ఒక మిషన్ చప్పుడు ఆగింది. టిఫిన్ డబ్బా, చెప్పులు పట్టుకుని బయటికి వచ్చాడు.

"సేటుకు చెప్పినవా?" అని అడిగారు డాక్టర్ గారు.

"ఇంటికి పోతున్న అని చెప్పిన." డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "బామ్మర్ది ఇంకోన్ని పెట్టుకున్నడు సారు. పోయిన నెలనే. అయినా పోయి అడుగుత. వికారాబాద్ నుంచి పూడూరు బస్సు ఎన్నింటికి ఉంటది?"

మిగతా నలుగురి దగ్గరికీ అలాగే వెళ్లాం, ఊదించి, పెన్సిలుతో చుక్క పెట్టి కాగితం ఇచ్చాం. ఇద్దరు పని మానారు. ఇద్దరు మానలేమన్నారు.

సొరుగులో ఉన్నవి

బావమరిది నాలుగు నెలలు తిప్పుకున్నాక గానీ పని ఇవ్వలేదు. నర్సింలు ఇప్పుడు పూడూరులోనే ఉంటున్నాడు. మూడు నెలలకోసారి వికారాబాద్ వచ్చి ఊదిపోతాడు. గీత పైకి లేవలేదు, ఇక లేవదు కూడా. పోయినసారి వచ్చినప్పుడు అరవై ఆరు. తప్పు కాగితాన్ని నమ్మిన ఆ ఐదు వారాలలో ఎంత పోయిందో, వాటికి ముందు ఎంత పోయిందో డాక్టర్ గారిని ఒకసారి అడిగాను. "విడదీసి చెప్పలేం" అన్నారు. నేను మళ్లీ అడగలేదు.

నా కుర్చీలోకి వచ్చే నీకు నేను పెట్టి వెళ్తున్న నియమం ఒక్కటే. ప్రోగ్రాం నీకంటే తెలివైనవాళ్లు రాసినా సరే, ఏ కాగితం ఇచ్చినా, ఆ మనిషి ఎదుట నిలబడి, అతని చేత ఊదించి, ఒక చుక్క చేత్తో పెట్టి ఇయ్యి. గీత కొసకూ చుక్కకూ పొంతన లేకపోతే వెనక్కి తీసుకురా. నలభై మందికి రెండు రోజులు పడుతుంది. డాక్టర్ గారు ఇప్పుడు ఇస్త్రీ దుకాణం మాట ఎత్తరు.

పెన్సిలు కుడివైపు సొరుగులో ఉంది. దాని కింద నర్సింలు ఫ్రేముకని ఇచ్చిన పాత కాగితం ఉంది, ఏడో వారం గుంతతో సహా. నువ్వు చేరిన రోజే దాన్ని తీసి చూడు. పైనున్న పేరు అతనిది. జ్వరం సుజాతక్కది. గీసింది నేను.